కాఫీకి సరిపడా నీళ్ళు

పేరి విశ్వేశ్వరం మాస్టారికి ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు లేదు. పని చెప్పేవారు. విశాఖపట్నంలో ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్ళంతా ఆ పనుల బాధితులే. వేడి ఎలా పాకుతుందని అడిగిన పాపానికి ఒకాయన నెల్లాళ్ళు మాస్టారింట్లో అట్లు పోశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన ఇప్పుడు పెద్ద శాస్త్రవేత్త, అట్లు కూడా బాగా పోస్తాడు.

ఇదంతా తెలిసీ జోగినాయుడు నోరు జారాడు. అతని బాధ అతనిది. ఆరేళ్ళు కష్టపడి ఒక ఫ్యూయల్ సెల్లు తయారుచేశాడు. హైడ్రోజనూ గాలీ లోపలికి పంపితే అది కరెంటు ఇస్తుంది. పొగ అనేదే ఉండదు, గొట్టం చివర నీళ్ళు కారతాయి, అంతే. థీసిసు సోమవారం లోపల ఇవ్వకపోతే రిజిస్ట్రేషను రద్దయి ఆరేళ్ళూ గంగలో కలుస్తాయి. మాస్టారేమో సంతకం పెట్టకుండా, సెల్లు పుట్టకముందు కథ ఒక అధ్యాయం, అది చచ్చాక కథ ఒక అధ్యాయం రాయమని పట్టుబట్టి కూర్చున్నారు. లోపలి ప్లాటినం ఏ గనిలోంచి వచ్చింది, హైడ్రోజను ఎవరు ఎలా తయారుచేశారు, పాడయ్యాక ఏ ముక్క ఎక్కడికి పోతుంది, అన్నీ కావాలట.

శుక్రవారం నాడు నాయుడు ఉండబట్టలేక అడిగేశాడు.

"నా సెల్లులోంచి మంచినీళ్ళు తప్ప ఇంకేమీ రావు మాస్టారూ. దానికి జాతకం ఎందుకండీ?"

మాస్టారు ముచ్చటపడ్డారు. "మంచినీళ్ళే అయితే రేపు మా ఇంటికి పట్టుకురా. ఆ నీళ్ళతో కాఫీ కాచుకుని తాగుదాం. తాగి సంతకం పెడతాను."

నాయుడికి ప్రాణం లేచొచ్చింది. మర్నాడు పొద్దున్నే సెల్లునీ హైడ్రోజను సిలిండరునీ కిరాయికి పిలిచిన అప్పన్న డీజిలు వ్యానులో వేసుకుని మాస్టారింటి ముందు దిగాడు. సెల్లు ఊరికే నీళ్ళివ్వదు, అదిచ్చే కరెంటు ఎవరైనా వాడాలి. కాబట్టి ధనుర్మాసపు చలిలో మూడు ఫ్యాన్లు తిరిగాయి, బట్టలేవీ లేకుండానే ఇస్త్రీపెట్టె కాలింది. ఆవిరి చల్లబడి నీళ్ళుగా మారాలంటే గొట్టాన్ని ఐసు బకెట్లో ముంచాలి. అంత పొద్దున్నే ఐసు చేపలరేవులో తప్ప దొరకలేదు, దానితోపాటు రేవు వాసనా ఇంట్లోకి వచ్చింది. మాస్టారి భార్య కనకవల్లి గారు కాఫీపొడి సిద్ధంగా పెట్టుకుని, శాలువా కప్పుకుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఒక మూల కూర్చున్నారు.

సిలిండరు బరువు, వ్యానులోంచి దించడం కుదరలేదు. గ్యాసు గొట్టం పొట్టి. అందుకని నాయుడు సెల్లుని వ్యాను వెనకాలే, గుమ్మంలో పెట్టాడు. ఇంజను ఆపమంటే అప్పన్న ఒప్పుకోలేదు. బ్యాటరీ దిగిపోయింది, ఆపితే మళ్ళీ నలుగురు తోయాలన్నాడు. సెల్లు గాలి పీల్చే వైపూ వ్యాను పొగ వదిలే వైపూ ఎదురెదురుగా ఉన్నాయన్న సంగతి, ఆరేళ్ళు దాని మీదే చదివినవాడికి తట్టలేదు. మాస్టారికి తట్టిందో లేదో తెలియదు. ఆయన పేపరు చదువుకుంటున్నారు.

అరగంటపాటు నీళ్ళు చుక్క చుక్కగా బాగానే పడ్డాయి. ఆ తర్వాత ఫ్యాన్లు నెమ్మదించాయి, ఇస్త్రీపెట్టె చల్లారింది, గ్లాసు సగం నిండేసరికి సెల్లు ఆగిపోయింది. నాయుడు వంగి చూశాడు. గాలి గొట్టం మూతి నల్లగా ఉంది. పొగ తగిలి లోపలి ప్లాటినం పాడైపోయిందని అర్థమై అప్పన్న మీద విరుచుకుపడ్డాడు. నీ పొగ నా ఆరేళ్ళ కష్టాన్ని చంపేసిందన్నాడు. నిజంగానే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పన్న నొచ్చుకున్నాడు. "పొగ నాదేటి బాబూ? మీ సామాను మొయ్యడానికే గదా వొచ్చినాను."

నాయుడు సెల్లు వైపు తిరిగాడు. పాడైనా ఖరీదైన లోహమే కదా, కనీసం ప్లాటినమైనా దక్కించుకుందామని స్క్రూడ్రైవరు తీశాడు. ఎక్కడా లీకు ఉండకూడదని అతనే పూసిన బంక, ఎన్నటికీ ఊడదని థీసిసులో మూడు పేజీలు పొగిడిన బంక, అన్న మాట నిలబెట్టుకుంది. స్క్రూడ్రైవరు మొన విరిగింది. చివరికి సెల్లుని రెండు చేతులా ఎత్తుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. చెత్తలో వేయడానికి మనసొప్పలేదు, వ్యానులో వేస్తే ఎక్కడికి తీసుకెళ్ళమనాలో తెలియలేదు.

"దీన్నిప్పుడేం చెయ్యమంటారు మాస్టారూ?"

మాస్టారు పేపరు మడిచారు. సగం గ్లాసు నీళ్ళూ కనకవల్లి గారి చేతికిచ్చి, అప్పన్నకి కాఫీ పెట్టమన్నారు. అప్పుడు శిష్యుడి కేసి తిరిగారు.

"నన్నడుగుతావేం? పుట్టించినవాడివి నువ్వు. రాసుకొచ్చి చూపించు, సోమవారం దాకా నేనెక్కడికీ పోను."