కుంతలవ్వ దాచిన గడ్డి

అనగనగా, మేఘాలు కూడా ఆయాసపడి ఆగిపోయేంత ఎత్తున ఒక కొండ ఊరు. ఊరివాళ్ళంతా గొర్రెల కాపరులు. ఏడాదిలో సగం మంచే. ఆ మంచులో మందను బతికించేది ఎండబెట్టి పాకలో దాచిన గడ్డి.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. వసంతం వచ్చిందని పెద్ద కాపరి చాటగానే ప్రతి ఇల్లూ మిగిలిన గడ్డిని వీధి బురదలో పోసి, మంద చేత తొక్కించి, కొండ మీది పచ్చికకు బయలుదేరాలి. గడ్డి మిగుల్చుకున్న ఇల్లు చలిని మళ్ళీ పిలుస్తుందని వాళ్ళ నమ్మకం.

ఆ ఏడు చలి ఎంతకీ పోలేదు. మనుషులు విసిగిపోయారు, గొర్రెలు విసిగిపోయాయి, కుక్కలు మొరగడం కూడా మానేశాయి. అప్పుడొక ఉదయం ఎండ కాసింది. చూరు మీది మంచు కరిగి బొట్లుబొట్లుగా రాలింది. పెద్ద కాపరి జయపాలుడు వసంతం వచ్చిందని చాటాడు.

ఊరి చివర కుంతలవ్వ అనే ముసలామె ఉండేది. ఇలాంటి ఎండల్ని నమ్మీ నమ్మీ ఆమె అలిసిపోయింది. ఆమెకున్న కొద్ది గొర్రెల్లో పెద్దది ధవళ, నిండు చూడితో ఉంది. దాన్నీ, దాని కడుపులోని పిల్లనూ పచ్చిక మొలిచేదాకా బతికించుకోవాలి. అవ్వ కోరిక అంతే.

గడ్డి పారబోసే ఓపిక తనకు లేదంది అవ్వ. అందరూ నవ్వి వదిలేసి, తమ గడ్డిని తొక్కించి బయలుదేరారు. మంద కనుమ చేరేసరికి మంచు కురిసింది. వణుకుతూ వెనక్కి వచ్చి, బురదలోంచి పనికొచ్చే గడ్డి ఏరుకున్నారు.

రెండోసారి వెచ్చటి గాలి వీచింది. కొమ్మలకు మొగ్గలు తొడిగాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మళ్ళీ చాటింపు. తొక్కించిన గడ్డినే మళ్ళీ తొక్కించారు. మంచు మళ్ళీ తరిమింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ముసలిది గడ్డి దాచబట్టే చలి తిరిగొస్తోందని గొణుక్కున్నారు.

మూడోసారి ఎండ చురుక్కుమంది. జయపాలుడు మనుషుల్ని వెంటబెట్టుకుని అవ్వ పాకకు వచ్చి, గడ్డి ఉందా అని అడిగాడు. లేదంటే పోయేదే. అవ్వకు అబద్ధం చేతకాదు, ఉందనే చెప్పింది.

వాళ్ళు లోపలికి పోబోతే ధవళ గుమ్మానికి అడ్డంగా పడుకుంది.

"వసంతం వచ్చిందంటున్నారు గదా," అంది గొర్రె. "ఒక్క పచ్చి పరక తెచ్చి చూపండి, లేస్తాను."

ఎవరి దగ్గరా పరక లేదు. చూడి గొర్రెను దాటి వెళ్ళడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు. అవ్వను నాలుగు తిట్లు తిట్టి, తమ ఆఖరి గడ్డిని బురదపాలు చేసి కొండెక్కారు.

ఆ సాయంత్రమే మంచు పడింది. రోజుల తరబడి పడింది. తిరిగొచ్చిన గొర్రెలకు తినడానికి ఏమీ మిగల్లేదు. అరిచే ఓపిక కూడా లేక అవి గోడల వెంట ఒరిగిపోయాయి. కొన్ని మళ్ళీ లేవలేదు.

జయపాలుడు అవ్వ వాకిట్లో తల దించుకుని నిలబడ్డాడు. అయినా మొండితనం పోలేదు.

"నువ్వు దాచావు, చలి వచ్చింది. ఆ మాటైతే నిజమే కదా అవ్వా," అన్నాడు.

"నేను దాచానని చలి రాలేదు నాయనా, చలి వస్తుందనే దాచాను," అంది అవ్వ. "నిన్ను దెప్పడానికి నాకు ఓపిక లేదు. ధవళకు కాస్త ఉంచి, మిగతాది మోపులు కట్టి పట్టుకెళ్ళు."

ఆ గడ్డి ఊరి గొర్రెలన్నిటికీ కడుపునిండా చాలలేదు. బతికున్నవాటి ప్రాణం మాత్రం నిలబెట్టింది. మంచు ఆగిన రోజు ధవళ ఈనింది. పిల్ల రెండుసార్లు పడి, మూడోసారి లేచి నిలబడింది. అవ్వ దాన్ని చూసి ఏడ్చింది. ఆ ఏటి నుంచి ఆ ఊళ్ళో ఎవరూ గడ్డి తొక్కించలేదు.

అందుకే పిల్లలూ, మంచిరోజులు రావాలని కోరుకోవాలి గాని, వచ్చేశాయనుకుని చేతిలో ఉన్నది పారేసుకోకూడదు.