మూడు సెల్లుల పోటీ

అనగనగా ఒక అడవి ఉండేది. ఆ అడవిలో జంతువులకు మాటలొచ్చు, అది మీకు కొత్తేం కాదు. రేడియోలు కూడా ఉండేవి, అది మాత్రం కొత్త. కళ్ళు అంత పెద్దవి చేసుకోకండి. ఇదొక్కటీ నమ్మితే మిగిలిన కథంతా నిజంలాగే ఉంటుంది. నేనూ పొద్దున్నించి అలిసిపోయి ఉన్నాను, ఒక్కసారే చెప్తాను, శ్రద్ధగా వినండి.

ప్రతి గూటిలోనూ, ప్రతి బొరియలోనూ ఒక చిన్న రేడియో పెట్టె ఉండేది. పెట్టెలోంచి ఒక తీగ బయటికొచ్చి దగ్గర్లో ఉన్న చెట్టెక్కేది. పెట్టె దగ్గర మాట్లాడితే ఆ మాట తీగ మీదుగా గాలిలోకి పోయి, ఎక్కడో కొండ అవతల ఇంకో పెట్టెలో వినిపించేది. ఎవరికి వాళ్ళకి ఒక పిలుపు పేరు ఉండేది. ఎవరుండే చోటు పేరు వాళ్ళది.

ఏడాదికోసారి ఆ అడవిలో ఒక పోటీ జరిగేది. దాన్ని మూడు సెల్లుల పోటీ అనేవారు. టార్చిలైట్లో వేసుకుంటామే, అలాంటి సెల్లులు. ఏనుగైనా మూడే పెట్టుకోవాలి, ఎలుకైనా మూడే పెట్టుకోవాలి. మూడు సెల్లులతో గొంతు సన్నగా వస్తుంది. ఆ సన్నటి గొంతుతో పొద్దు పొడిచిన దగ్గర్నించి పొద్దు గూకేదాకా ఎంతమందిని పలకరించగలిగితే అన్ని మార్కులు.

పలకరించడమంటే "బాగున్నారా, భోంచేశారా" అని కాదు. దానికో పద్ధతి ఉంది. నీ పిలుపు పేరు చెప్పాలి. ఆ రోజు నీకది ఎన్నో పలకరింపో ఆ నంబరు చెప్పాలి. మొదటివాళ్ళకు ఒకటి, రెండోవాళ్ళకు రెండు, అలాగన్నమాట. అవతలివాళ్ళు కూడా తమ పేరు, తమ నంబరు చెప్పాలి. విన్నది ఆకు మీద రాసుకుని ఇద్దరూ "ముట్టింది" అనాలి. పోటీ అయ్యాక అందరి ఆకులూ పక్కపక్కన పెట్టి చూసేవారు. ఒకరు పంపిన నంబరూ ఇంకొకరు రాసుకున్న నంబరూ కలిస్తే ఇద్దరికీ చెరో మార్కు. కలవకపోతే ఇద్దరి ఆకుల్లోంచీ ఆ వరస కొట్టేసేవారు.

ఇంకో నియమం కూడా ఉండేది. వరసగా మూడేళ్ళు పది మార్కులు రానివాళ్ళు పిలుపు పేరు వదులుకోవాలి. ఆ తర్వాత పెట్టె దగ్గర కూర్చుని వినొచ్చు, నోరు మాత్రం విప్పకూడదు.

ఆ అడవిలో సూదయ్య అని ఒక ముళ్ళపంది ఉండేవాడు. అతని పిలుపు పేరు ఊటబండ. అంతకుముందు అది వాళ్ళ నాన్న పేరు. నాన్న పోతూ పోతూ పెట్టెనీ పేరునీ సూదయ్యకు ఇచ్చి వెళ్ళాడు. అందుకే ఆ పేరంటే సూదయ్యకు ప్రాణం.

మరి మార్కులో? ముందటేడు ఎనిమిది. నిరుడు ఆరు. ఇది మూడో ఏడు.

పాపం, సూదయ్య బద్ధకస్తుడేం కాదు. ముళ్ళపందులు పగలు నిద్రపోయే జాతి. పోటీ మాత్రం పగలు. అందరూ నిద్ర లేచి ఉత్సాహంగా మొదలుపెట్టే వేళకి, సూదయ్యకు ఆవలింతలు మొదలయ్యేవి. పైగా అతనుండే ఊటబండ పల్లంలో ఉంది. అతని సన్నటి గొంతు కొండ దాటడానికి నానా అవస్థా పడేది.

ఆ ఏడు పోటీ రోజు రానే వచ్చింది. తెల్లవారగానే సూదయ్య తన ఒంటి మీది ముల్లొకటి పీకి, నేరేడు రసంలో ముంచి, మోదుగాకు మీద తన పేరు రాసుకున్నాడు. మూడు సెల్లులు పెట్టెలో వేశాడు. పిలవడం మొదలుపెట్టాడు.

"ఊటబండ పిలుస్తున్నాను. ఎవరైనా ఉన్నారా? ఊటబండ."

ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. పలకలేదు. పిలిచి, విని, పిలిచి, విని, పొద్దు బారెడెక్కేసరికి ఇద్దరు దొరికారు. మిట్టమధ్యాహ్నానికి ఐదుగురు. ఎండకి కింద బండ కాలిపోతోంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. కునుకు పట్టినప్పుడల్లా తల వాలి సొంత ముళ్ళే గుచ్చుకుని మెలకువ వచ్చేది. సాయంత్రమయ్యేసరికి ఆకు మీద తొమ్మిది వరసలున్నాయి. గొంతు ఆర్చుకుపోయింది. ఒళ్ళు హూనమైపోయింది.

ఇంకొక్కటి. ఒక్కటంటే ఒక్కటి దొరికితే నాన్న పేరు నిలబడుతుంది.

పక్కనే పెద్ద మద్దిచెట్టు మీద బూరన్న అనే కొండముచ్చు ఉండేవాడు. అతని పిలుపు పేరు కూడా మద్దిచెట్టే. చెట్టు తొర్రలో బూరన్న ఒక రహస్యం దాచాడు. అతని పెట్టెలో మూడు సెల్లులు కాదు, పన్నెండున్నాయి! అందుకే అతను పిలిస్తే అడవంతా మారుమోగిపోయేది. అతని మాట అందరికీ చేరేది. చిన్న చిన్న గొంతుల మాట మాత్రం అతనికి చేరేది కాదు, ఎందుకంటే వినేంత ఓపిక అతనికి లేదు. ఎవరో గుసగుసగా పలికినట్టుంటే చాలు, తోచిన నంబరు ఒకటి రాసేసుకుని "ముట్టింది!" అని ముందుకు పోయేవాడు.

పొద్దు పడమటి కొండ మీదికి వాలింది. సూదయ్య పెట్టెలో సెల్లులు నీరసించాయి. అతని లెక్కన ఇంకో మూడు నాలుగు మాటలకు మించి రావు. అప్పుడు, బరబర శబ్దాల మధ్య, దోమ రెక్కంత సన్నగా ఒక గొంతు వినిపించింది.

"పల్లేరుదిబ్బ... పల్లేరుదిబ్బ పిలుస్తున్నాను..."

సూదయ్య నిద్ర ఎగిరిపోయింది. పల్లేరుదిబ్బ! పెద్దవాగు అవతల, అడవి చివర ఉంది అది. అక్కడి నుంచి ఇంతవరకు ఎవరూ పిలవగా వినలేదు.

"పల్లేరుదిబ్బ, నేను ఊటబండ. నా నంబరు పది. మీ నంబరు చెప్పండి," అన్నాడు.

"పది ముట్టింది," అంది ఆ గొంతు. వెంటనే బరబరమంది పెట్టె. ఆ బరబర సద్దుమణిగేసరికి చివరి మాట ఒక్కటే వినిపించింది. "...ఒకటి."

సూదయ్య ముల్లు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఒకటి సరే, దాని ముందు ఏముంది? ఇరవై ఒకటా? ముప్పై ఒకటా?

అంతలో బూరన్న నేరేడుపళ్ళు నములుకుంటూ చెట్టు దిగి వచ్చాడు.

"ఏం సూదన్నా, ఎన్నయ్యాయి?"

"తొమ్మిది. పదోది సగంలో ఉంది. నంబరు సరిగ్గా వినపడలేదు. చివర ఒకటి అన్నారు."

"ముప్పై ఒకటి రాసెయ్!" అన్నాడు బూరన్న. "ఈ వేళకి ఎవరి నంబరైనా ముప్పై దాటకుండా ఉంటుందా? నేను అరవై నాలుగులో ఉన్నాను. అన్నీ విని రాశాననుకున్నావా ఏంటి?"

"ముప్పై ఒకటి కాకపోతే?"

"పోతే పోతుంది! నీకంత భయమైతే దీన్ని కొట్టేసి నెమలిని పిలువు. పింఛమ్మ ఎర్రగుట్ట మీంచి గంట కొట్టినట్టు వినపడుతోంది కదా. ఆమెకి పది ఇచ్చేసి పడుకో. కళ్ళు చూడు, ఎలా పీక్కుపోయాయో."

అది నిజమే. పెట్టె మీది మీట కొంచెం తిప్పితే పింఛమ్మ గొంతు ఖంగున వినిపిస్తోంది. "ఎర్రగుట్ట. ఇంకెవరైనా మిగిలారా? ఎర్రగుట్ట." ఒక్క మాట చాలు. పది పూర్తవుతుంది. పేరు నిలబడుతుంది. నిద్రపోవచ్చు. ఆ నిద్ర అన్న మాట తలుచుకుంటేనే సూదయ్యకు ఏడుపొచ్చినంత పనైంది.

బూరన్న మళ్ళీ చెట్టెక్కాడు. సూదయ్య ఆకు వంక చూశాడు. అక్కడ "పల్లేరుదిబ్బ" అని రాసి ఉంది. పక్కన ఖాళీ.

"పది ముట్టింది అన్నది కదా," అనుకున్నాడు. "నేను ముట్టింది అంటానని అక్కడ కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుంది. తప్పు రాస్తే దాని మార్కూ పోతుంది. కొట్టేసినా పోతుంది. నా అలసటకి దాన్నెందుకు ముంచడం?"

పెట్టె మీట తిప్పలేదు.

"పల్లేరుదిబ్బ, మీ నంబరు మళ్ళీ చెప్పండి."

సరిగ్గా అప్పుడే పక్కన చెట్టు మీంచి పన్నెండు సెల్లుల గొంతు విరుచుకుపడింది. "మద్దిచెట్టు! మద్దిచెట్టు! ఎవరున్నారు?" ఆ హోరులో పల్లేరుదిబ్బ మాట మొత్తం కొట్టుకుపోయింది. మళ్ళీ చివర "...ఒకటి" మాత్రమే మిగిలింది.

సూదయ్యకు నీరసం ముంచుకొచ్చింది. కోపం కూడా రాలేదు, కోపానికీ ఓపిక కావాలి కదా. సూర్యుడు కొండ మీద బొట్టంత మిగిలాడు. సెల్లులు ఇంక ఒకటో రెండో మాటలు. ఎర్రగుట్ట ఇంకా పిలుస్తూనే ఉంది. సూదయ్య కళ్ళు మూసుకుని, పెట్టెకు చెవి ఆనించి, ఉన్న కాస్త గొంతుతో మూడోసారి అడిగాడు.

"పల్లేరుదిబ్బ. ఒకటికి ముందు ఏముంది? నిదానంగా చెప్పండి. నేనిక్కడే ఉన్నాను."

ఈసారి గాలి ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దంగా ఉంది.

"ముందు ఏమీ లేదండి," అంది ఆ గొంతు. "ఉత్త ఒకటే. పొద్దున్నించీ పిలుస్తున్నాను. మీరే మొదటివారు."

పొద్దున్నించీ! ఎవరూ పలకకపోవడమంటే ఎలా ఉంటుందో సూదయ్యకు తెలుసు. కాని తనకి తొమ్మిదిమంది పలికారు. దానికి ఒక్కరూ పలకలేదు.

"ఒకటి ముట్టింది," అన్నాడు. "ముట్టింది, తల్లీ."

ఆ మాటతో పెట్టెలో దీపం ఆరిపోయింది. సూర్యుడూ దిగిపోయాడు. సూదయ్య ఆకు మీద "ఒకటి" అని రాసి, ముల్లు చేతిలో ఉండగానే పక్కకి ఒరిగిపోయాడు.

మూడు రోజుల తర్వాత ఆకులు సరిచూశారు. సరిచూసేది ఏనుగు పెద్దమ్మ. అందరూ వచ్చారు. బూరన్న అరవై నాలుగు వరసల ఆకుల కట్ట చంకలో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. అందరికంటే చివర, కాళ్ళీడ్చుకుంటూ ఒక చుంచెలుక వచ్చింది. దాని పేరు మిణుకమ్మ. పల్లేరుదిబ్బ దానిదే. మూడు రోజులూ నడుస్తూనే ఉంది. దాని చేతిలో ఒకే ఒక్క ఆకు, ఆకు మీద ఒకే ఒక్క వరస.

ఏనుగు పెద్దమ్మ ఒక్కో ఆకూ ఎత్తి చూసింది. బూరన్న ఆకుల దగ్గర చాలాసేపు పట్టింది. కుందేలు పంపింది పదమూడైతే బూరన్న రాసుకున్నది ముప్పై. ఉడుత పంపింది నాలుగైతే బూరన్న రాసుకున్నది ఇరవై రెండు. అలా కొట్టేసుకుంటూ పోతే అరవై నాలుగులో ఏడు మిగిలాయి.

"ఇంకో మాట, బూరన్నా," అంది పెద్దమ్మ. "నువ్వు పిలిస్తే నా చెవులు అదిరాయి. అది మూడు సెల్లుల గొంతు కాదు."

బూరన్న తోక ముడుచుకున్నాడు. "పన్నెండు," అన్నాడు నేల చూస్తూ. ఆ ఏడు మార్కులూ పోయాయి, పోటీ లెక్కలోంచే అతన్ని తీసేశారు.

"మద్దిచెట్టు గారా?" అంది మిణుకమ్మ ఆశ్చర్యంగా. "మిమ్మల్ని పదకొండు సార్లు పిలిచానండి. మీరు నాకు బ్రహ్మాండంగా వినిపించారు!"

బూరన్న ముందు వరసలోంచి లేచి వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

పెద్దమ్మ సూదయ్య ఆకూ మిణుకమ్మ ఆకూ పక్కపక్కన పెట్టింది. "ఊటబండ పది పంపాడు, ఒకటి రాసుకున్నాడు. పల్లేరుదిబ్బ ఒకటి పంపింది, పది రాసుకుంది. కలిసింది."

మిగిలిన తొమ్మిదీ కలిశాయి. సూదయ్యకు పది మార్కులు. నాన్న పేరు నిలబడింది. అయినా గొప్ప స్థానమేం రాలేదు. చివరి నుంచి రెండోవాడు, అంతే. చివరి స్థానం మిణుకమ్మది. చివరి స్థానం వచ్చి అంత సంబరపడినవాళ్ళని ఆ అడవి అంతకుముందు చూడలేదు.

తిరిగి వెళ్ళే దారిలో ఇద్దరూ కాసేపు కలిసి నడిచారు. ఇద్దరికీ ఓపిక లేదు, అందుకని నెమ్మదిగా నడిచారు.

"అన్నా, ఆ రోజు పొద్దు గూకేలోపు ఎవరూ పలకకపోతే తీగ చుట్టేసి, పెట్టె గోతిలో పూడ్చేద్దామనుకున్నాను," అంది మిణుకమ్మ. "మీరు మూడోసారి అడిగారు చూడండి, అప్పుడు ఏడ్చేశాను. నేను చెప్పింది వినాలని ఒకరు అంతగా అడగడం నాకదే మొదలు."

సూదయ్య ముక్కు ఎగబీల్చాడు. ముళ్ళపందులు ఏడిస్తే అలాగే ఉంటుంది.

"వచ్చే ఏడు కూడా పిలువమ్మా," అన్నాడు.

"మీరు వింటానంటే పిలుస్తాను."

"వింటాను," అన్నాడు సూదయ్య ఆవలిస్తూ. "కాస్త పొద్దున్నే పిలువు. సాయంత్రమైతే నాకు నిద్రొస్తుంది."

నీతి: ఎంత అలిసిపోయినా సరే, ఎదుటివాళ్ళ మాటలో వినపడని చోటును మన ఊహతో నింపకూడదు. ఇంకొక్కసారి అడిగి వినాలి.