తలకిందులుగా పూసిన కలబంద

ఉన్నది ఒక్క తొట్టి. అన్నయ్యేమో అందులో కలబంద పెడదామంటాడు, నువ్వేమో చామంతి అంటావు. పొద్దుటి నించీ ఇదే గోల. సరే, ఇలా దగ్గరికి రా చిట్టీ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ముందు కథ విను, తొట్టి సంగతి తర్వాత చూద్దాం. ఊఁ కొట్టకపోతే మాత్రం మధ్యలోనే ఆపేస్తాను, నా సంగతి నీకు తెలుసుగా.

అనగనగా ఒక ఊళ్ళో, వాన కూడా దారి తప్పితేనే వచ్చే ఊళ్ళో, ఓబులమ్మ అని ఒకావిడ ఉండేది. ఆ ఊరు బండమీదపల్లె. ఎటు చూసినా రాయే. ఓబులమ్మకి భర్త లేడు, రంగప్ప అని ఒక్కడే కొడుకు. గుమ్మం పక్కన ఒక కలబంద. అది ఆవిడ అత్తగారు పెట్టిన చెట్టు. రంగప్ప చంటివాడప్పుడు కాలి మీద వేడి గంజి పడితే, ఆ మట్టల గుజ్జే రాసి రాసి మాన్పుకుంది. అందుకని రోజూ లేవగానే దానికి ఒక దణ్ణం పెట్టేది. దణ్ణమే, నీళ్ళు కాదు.

రంగప్ప పెద్దవాడయ్యాడు, పెళ్ళయింది. పిల్ల పేరు వరాలు. ఏటి ఒడ్డున పుట్టి పెరిగిన పిల్ల. కాపురానికి వస్తూ ఒక ట్రంకుపెట్టె, తడి గోనెగుడ్డలో చుట్టిన మూడు చామంతి పిలకలు తెచ్చుకుంది. బండెక్కేటప్పుడు వాళ్ళమ్మ చెప్పింది: "ఇవి బతికున్నంత కాలం నేను నీ దగ్గర ఉన్నట్టేనే తల్లీ."

బండమీదపల్లె చూడగానే వరాలు గుండె జారిపోయింది. నీళ్ళు కావాలంటే రెండు మైళ్ళు నడవాలి. ఇవి బతకని చోట నేనూ ఉండను అని మనసులో గట్టిగా అనుకుంది. పైకి మాత్రం అనలేదు.

స్నానాల నీళ్ళు పారే కాలువ పక్కన పిలకలు పాతింది. రోజూ చెంబుతో నీళ్ళు పోసింది. కార్తీకం వచ్చేసరికి అవి గుబురుగా పెరిగి, పచ్చగా విరగబూశాయి! ఊరు ఊరంతా చూడ్డానికొచ్చింది. చామంతిని దండలో చూశారే గానీ చెట్టు మీద ఎవరూ చూడలేదు మరి. ఒక ముసలాయన చెప్పులు బయట విడిచి మరీ లోపలికొచ్చాడు. ఓబులమ్మ మాత్రం మెచ్చుకోలేదు. కానీ ఆ పూట చీపురు పట్టుకుని ఆ పక్కకి మూడుసార్లు వెళ్ళింది. ఊడ్చిన చోటే ఊడ్చింది.

ఆ తర్వాత వరాలు చూపు కలబంద మీద పడింది.

"పాపం, దీనికెవరూ నీళ్ళు పొయ్యరేంటి అత్తయ్యా?" అంది.

"దానికి నీళ్ళు పోయాకు" అంది ఓబులమ్మ.

అత్తగారిది పిసినారితనం అనుకుంది వరాలు. మొదటి రోజు అత్త చూడకుండా ఒక చెంబు పోసింది. రెండో రోజు రెండు చెంబులు. మూడో రోజు కుండెడు! నెల తిరక్కుండా మట్టలు మెత్తబడ్డాయి. ముట్టుకుంటే చేతికి జిగురు. ఒకరోజు పొద్దున్నే చెట్టు మొత్తం నేలకి కూలబడిపోయింది.

ఓబులమ్మ తిట్టలేదు, అరవలేదు. ఆ రోజు అన్నం తినలేదు, అంతే. తిడితేనే బాగుండేది కదూ? కుళ్ళు అంటని పిల్లమొక్క ఒక్కటి మిగిలింది. దాన్ని మట్టి దులిపి, తాడు కట్టి, గుమ్మానికి తలకిందులుగా వేలాడదీసింది. దిష్టి తగలకుండా అలా కట్టడం మామూలే. ఆ తర్వాత దానివైపు ఎవరూ తలెత్తి చూడలేదు. వరాలుకైతే సిగ్గు.

చలి వెళ్ళిపోయింది. చామంతి పూలు వాడాయి, కొమ్మలు ఎండి గోధుమరంగు తేలాయి. ఒకరోజు వరాలు నీళ్ళకెళ్ళింది. ఓబులమ్మ ఆ ఎండుకొమ్మలు చూసి, అయ్యో, కోడలి చెట్టు చచ్చిపోయిందే, చచ్చిన చెట్టు కళ్ళబడితే పిల్ల ఏడుస్తుందే అనుకుంది. అన్నీ పీకేసి, నేల సాపు చేసి, అలికి, ముగ్గు కూడా పెట్టింది. మంచికే చేసింది మహాతల్లి.

బిందెతో వచ్చిన వరాలు ఆ ముగ్గు చూసింది. బిందె దించలేదు. నెత్తిన బిందెతో అలాగే నిలబడి ఏడ్చింది. కలబంద మీది కసి నా చామంతి మీద తీర్చుకుంది అనుకుంది. ఆ సాయంత్రం మొగుడితో, "బండి కట్టు, మా అమ్మ దగ్గరికి పోతాను. మళ్ళీ రాను" అంది.

రంగప్ప నోరు తెరిచేలోగా ఓబులమ్మ అందుకుంది. "రేపు మంగళారం. ఆడబిడ్డ గడప దాటకూడదు."

ఆ తర్వాత, "అమాస ముందర బయల్దేరాకు" అంది.

ఆ తర్వాత మూఢం వచ్చింది. మూఢమంటే మంచి పనులు చెయ్యని రోజులు. "మూఢం పోనీ" అంది. అలా ఎన్నో రోజులు గడిచాయి. ఓబులమ్మకి పంచాంగం మీద అంత భక్తి అంతకు ముందు ఎప్పుడూ లేదు!

చివరికి మూఢమూ పోయింది. చెప్పడానికి ఇంకే సాకూ లేదు. రంగప్ప బండి కట్టాడు. పెట్టె బండెక్కింది. వరాలు తల వంచుకుని గడప దాటబోయింది.

అప్పుడు జడకి ఏదో తగిలింది. తలెత్తి చూసింది.

చిట్టీ, ఏం చూసిందో తెలుసా? ఆ కలబందకి మట్టి లేదు. చుక్క నీళ్ళు లేవు. మూడు నెలలుగా కాళ్ళు పైకీ తల కిందికీ వేలాడుతోంది. అయినా ఒక కాడ వేసింది! ఆ కాడ ముందు నేలవైపు దిగింది, వరాలు జడకి తగిలింది ఆ వంపే. ఆకాశం ఎటుందో దానికెవరు చెప్పారో, అక్కణ్ణించి తిరిగి పైకి లేచింది. కొసన గుత్తులుగా పసుపు పూలు. వరాలుకి ఒళ్ళు జలదరించింది. చెప్తుంటే నాకూ జలదరిస్తోంది, ఇదిగో చెయ్యి చూడు.

"దీనికి... దీనికి నీళ్ళెవరు పోశారత్తయ్యా?"

"ఎవరు పోస్తారే? అది అంతే. మా అత్త చెప్తే నేనూ నమ్మలేదు" అంది ఓబులమ్మ. ఆవిడా అప్పుడే చూడ్డం. నోరు తెరుచుకుని చూస్తోంది. చూపు తిప్పకుండానే మెల్లగా అంది: "నీకు తెలీక నా చెట్టును నీళ్ళల్లో ముంచితివి. మరి నేను చేసిందేమే? చచ్చిన చెట్టునే కదా పీకింది?"

"చావలేదత్తయ్యా! చామంతి చావదు. పైన ఎండిపోతుంది అంతే, కింద వేరు పడుకునుంటుంది. ఏ చిన్న ముక్క మిగిలినా మళ్ళీ..."

వరాలు మాట అక్కడే ఆగిపోయింది. తన నోటితో తనే అన్న మాట తన చెవిన పడింది. గబగబా కాలువ దగ్గరికి పరిగెత్తింది. పాత ముగ్గు మీద మోకాళ్ళేసుకుని, వేళ్ళతో మట్టి గోకింది. ఓబులమ్మ వెనకే వెళ్ళి వంగింది.

మట్టి కింద, గోరంత, పచ్చగా. ఒకటి. పక్కన ఇంకొకటి. ఇంకా పక్కన ఇంకొకటి! అమ్మ పోలేదు. కాళ్ళ కిందే ఉంది, పడుకునుంది. వరాలు అత్తగారి మెడ చుట్టూ చేతులేసి ఏడ్చేసింది. ఓబులమ్మకి అలాంటివి అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలీక కోడలి వీపు మీద పెట్టింది.

"బండి విప్పాల్నా?" అన్నాడు రంగప్ప.

"ఇంకా విప్పలేదా?" అని ఇద్దరూ కలిసి కసిరారు.

ఆ రోజు నించి చామంతికి ఓబులమ్మే నీళ్ళు పోసేది. కలబందకి మాత్రం వరాలు ఒక దణ్ణం పెట్టి, చెంబు వెనక్కి దాచుకుని, నీళ్ళు పొయ్యకుండా ఊరుకునేది. పొయ్యడం సులువే చిట్టీ. ప్రేమ ఉండీ పొయ్యకుండా ఊరుకోవడమే కష్టం.

ఏంటి? తొట్టిలో ఏది పెడదామా? చామంతి పెట్టు. మరి అన్నయ్య ఏడుస్తాడంటావా? ఎందుకేడుస్తాడే? కలబందకి అసలు తొట్టి ఎందుకు? రేపు వాడి చేతికి ఒక తాడు ఇద్దాం, గుమ్మానికి కట్టుకుంటాడు. నవ్వింది చాలు, కళ్ళు ముయ్యి.

కథ పోయె కంచికి,
బండి మళ్ళె ఇంటికి,
నీళ్ళు చేరె చామంతికి,
నిద్ర వచ్చె కంటికి.