మరమనిషి అడుగేసే ముందు తల ఎందుకు తిప్పుతుంది

ఒకప్పుడు మరమనుషులకి మెడ ఉండేది కాదు. అవునర్రా, నిజం! ఒట్టి ఇనప మొండెం, దానికి అతికించిన రెండు కళ్ళు. నోరు అసలే లేదు. ఎటు పోతుందో దానికొక్కదానికే తెలుసు. రాయిలా నిలబడే ఉండి, దబ్బున కదిలేది. పక్కనున్నవాళ్ళ గుండె గుభేలుమనేది.

సముద్రం ఒడ్డున, నూకాలు అనే జాలరి ఆవిడ ఉండే పేటలో అలాంటిదొకటి ఉండేది. వలలు మోయడం, పడవలు లాగడం దాని పని. పోనీ ఎక్కడికని అడుగుదామంటే ఆ పేటలో కుదరదు. బయల్దేరినవాళ్ళని ఆ మాట అడిగితే ఆ రోజు చేప పడదని వాళ్ళ నమ్మకం.

ఒక పొద్దున నూకాలు ఇసకలో చేపలు ఎండబోసి వెనక్కి తిరిగింది. రెండేళ్ళ కూతురు గున్నమ్మ లేదు!

"ఓలమ్మో, నా పిల్లేదీ?" అని అలని అడిగింది.

"నా దగ్గరకి రాలేదమ్మా" అంది అల.

గాలిని అడిగింది. "ఏడుపేదీ నా చెవిన పడలేదు" అంది గాలి.

సరిగ్గా అప్పుడే మరమనిషి దబ్బున కదిలింది.

"ఆగు! ఎక్కడికి?" అని కేకేసింది నూకాలు.

పేటంతా నోరెళ్ళబెట్టింది. అత్త పైడమ్మ పరుగున వచ్చి కోడలి నోరు మూసింది. "ఏటే, మతి పోయిందా? బయల్దేరినోడిని అడుగుతావేటి!"

మరమనిషి కూడా బిత్తరపోయి ఆగింది. పుట్టాక దాన్నెవరూ ఆ మాట అడగలేదు మరి! చెబుదామంటే నోరు లేదు. మొండెమంతా కిర్రుమని వలల కుప్ప వైపు తిప్పింది.

అందరూ అటు చూశారు. వల కిందనుంచి బుల్లి పాదం ఒకటి బయటికి కనపడింది. గున్నమ్మే! చల్లగా ఉందని దూరి, హాయిగా నిద్రపోతోంది. ఇంకో రెండడుగులు పడుంటే... అమ్మో!

నూకాలు పిల్లని లాక్కుని, గుండెకి హత్తుకుని భోరుమంది. మరమనిషి మరలన్నీ గడగడలాడాయి.

బొరియలోంచి పీత తొంగి చూసింది. "నా నడక అడ్డదిడ్డమే అనుకో. కానీ కళ్ళు చూశావా, కాడల మీద పెట్టుకున్నాను! ముందు చూడాలి నాయనా, తర్వాత నడవాలి."

పైడమ్మ కళ్ళు తుడుచుకుంది. "దీనికో మెడ పెట్టండర్రా. మనం అడక్కుండా అదే చెబుతాది" అంది. విరిగిన తెడ్డు కర్ర కోసి మెడ పెట్టి, దాని మీద తల బిగించి, కళ్ళు అందులోకి మార్చారు.

అప్పటినుంచే మరమనిషి ఎటు పోవాలన్నా ముందు అటు తల తిప్పుతుంది. తిప్పి, ఒక్క క్షణం ఆగుతుంది. ఎందుకాగుతుందంటారా? దారిలో బుల్లి పాదమేదైనా ఉందేమోనని చూసుకుంటుంది.