పొన్నకి తవ్విన గొయ్యి

లింగానికి పొద్దుటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. ఆశ్రమంలో తను చేతులారా పాలు పట్టి పెంచిన ఆవు పొన్నని నిన్న సాయంత్రం పులి కొట్టింది.

వాగు ఒడ్డుకి ఈడ్చుకుపోయి, తొడల దగ్గర మొదలుపెట్టి తిన్నంత తిని, మిగిలినదాని మీద ఎండుటాకులు లాగి కప్పి పోయింది. అంటే మళ్లీ వస్తుందన్నమాట. నల్లమలలో ఈ సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. లింగానికీ తెలుసు. తెలిస్తే మాత్రం, మనసు వినాలి కదా!

గురువు చెన్నమల్లయ్య కొట్టం దగ్గర కూర్చుని పొన్న దూడ చెవుల్లో పిడుదులు ఏరుతున్నారు. లింగం ఆయన ముందు అటూ ఇటూ తిరిగాడు.

"స్వామీ, మన జంగాల్లో పోయినవాళ్లకి విభూతి పెట్టి సమాధి చేస్తాం. పొన్న మన ఇంటిది కాదా? పులి ఎంగిలిగా వదిలెయ్యమంటారా?"

"దాని జోలికి పోకురా."

"అడవంతా దాని అబ్బ సొత్తా?"

"మన గుడిసె వెనక మద్దిచెట్టు మీద పులి గోళ్ల గీతలు చూళ్లేదూ? మనం రాకముందునుంచీ ఉన్నాయవి."

ఆ మాట పుండు మీద కారం చల్లినట్టయింది. లింగం పార భుజాన వేసుకుని వాగు దగ్గరికి పోయాడు. పొన్న మీది ఆకులన్నీ ఊడ్చేశాడు. ఏడుస్తూ తవ్వాడు. గాలికి గడ్డి కదిలినా పార ఎత్తి చుట్టూ చూశాడు. ఎక్కడో కొండముచ్చులు, పులి కనబడితే అరిచినట్టు, గట్టిగా అరిచి ఊరుకున్నాయి. అవి ఊరుకున్నాక ఇంకా భయమేసింది.

మధ్యాహ్నానికి గొయ్యి నడుంలోతు అయింది. తలెత్తేసరికి గురువు వస్తున్నారు. వెనకాల తాడు పట్టుకుని తెచ్చిన దూడ.

ఆయన దాన్ని గొయ్యి పక్కనున్న మోడుకి కట్టారు. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూశారు. వెనక్కి తిరిగి నడక సాగించారు.

"స్వామీ! దూడని ఇక్కడ కట్టారేంటి? పులి వస్తుంది!"

"అందుకే కట్టాను. తింటున్నవాళ్ల ముందునుంచి కంచం లాగేస్తున్నావు. ఆకలితో వచ్చింది ఊరుకుంటుందా? మన కొట్టానికే వస్తుంది. దాన్ని అంతదూరం నడిపించడం దేనికి?"

లింగం గొయ్యిలోంచి ఎగబాకి వచ్చి దూడని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"మరి పొన్న, స్వామీ?"

"పొన్న నిన్ననే వెళ్లిపోయింది నాయనా. ఇక్కడున్నది పులి కూడు."

కొండముచ్చులు మళ్లీ అరిచాయి. ఈసారి దగ్గర్లో, ఆగకుండా.

లింగం ముడి విప్పాడు. నాలుగడుగులు వేశాక దూడ తల్లికోసం అంబా అని అరిచి వెనక్కి గుంజింది. దాన్ని ఎత్తి భుజాల మీద వేసుకున్నాడు. ఏడుస్తూనే నడిచాడు. పార కోసం వెనక్కి వెళ్లలేదు.