బుగ్గమీది పొలుసు

"మాస్టారూ, నెలనెలా అద్దె కట్టే సాఫ్ట్‌వేర్ మంచిదా, ఒక్కసారే కొనేసేది మంచిదా?" అని కిరీటి అడిగాడు.

అడిగినదానికి తిన్నగా జవాబు చెబితే ఆయన సోమలింగం మాస్టారే కారు. భీమిలి ఒడ్డున ఫొటో స్టూడియో నడుపుతూ తల నెరిసిన మనిషి. వెనకటి రోజుల్లో నెగెటివ్ మీద పెన్సిల్‌తో ముఖాలు దిద్దిన చెయ్యి ఆయనది. కిరీటి ఆయన దగ్గర పని నేర్చుకుని, శ్రావణంలో సొంత స్టూడియో తెరవబోతున్నాడు. చీకట్లో తీసిన ఫొటోల మీద ఇసుక చల్లినట్టు పడే చుక్కల్ని నాయిస్ అంటారు. దాన్ని తుడిచి ముఖాన్ని నున్నగా చేసే సాఫ్ట్‌వేర్ లేకపోతే ఈ రోజుల్లో పెళ్లివాళ్లు గడప తొక్కరు. అతను చూసినవాటిలో ఒకటి అద్దె ఆపిన రోజున తెరుచుకోదు. ఇంకొకటి కొనుక్కుంటే మనదే గాని, కొత్త హంగులు వచ్చినప్పుడల్లా మళ్లీ చెయ్యి చాపుతుంది. మూడోది కొన్నాళ్లు ఉచితంగా వాడుకోనిచ్చి, ఆపైన తలుపు మూసేస్తుంది. కిరీటి ఈ మూడోదాన్ని పట్టుకున్నాడు. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే జాతి కదా మనది!

"చూద్దాంలే," అని మాస్టారు లెన్స్ తుడుచుకోసాగారు.

ఆ వారంలోనే కాసులమ్మ వచ్చింది. వేటకు వెళ్లిన పడవ తిరగబడి ఆవిడ భర్త ఎల్లాజీ పోయాడు. మనిషి దొరకలేదు. ఫోనూ అతనితోపాటే సముద్రంలో కలిసింది. పాటలు ఎక్కించుకుందామని ఇంట్లో వదిలి వెళ్లిన మెమరీ కార్డు మాత్రం మిగిలింది. అందులో ఒకే ఒక్క ఫొటో ఉంది. తెల్లవారకముందు పడవ దిగుతూ ఎల్లాజీ నవ్వుతున్న ఫొటో. పెద్దకార్యానికి దాన్ని పెద్దది చేసి, ఫ్రేము కట్టి ఇమ్మంది. శరీరం దొరకలేదు కనక ఆ ఇంట్లో ఏడవడానికైనా, అన్నం పెట్టడానికైనా ఎదురుగా ఉండేది ఆ ఫొటో ఒక్కటే.

కిరీటి చెడ్డవాడేం కాదు. కానీ ఉచితంగా ఇచ్చిన గడువు ఆ సాయంత్రంతో తీరిపోతోంది. ఈలోగా వీలైనన్ని ఫొటోలు దాటించేయాలని ఆత్రపడ్డాడు. ఒక్కొక్కటీ కళ్లతో చూసుకునే ఓపిక లేక, పెళ్లి ఫొటోలతో కలిపి ఈ కార్డులోదాన్నీ ఒకే ఊపులో తోసి, పాతవాటి మీదే సేవ్ చేసేశాడు.

మర్నాడు ఫ్రేము చూపించాడు. చుక్క లేదు, మసక లేదు, ఎల్లాజీ ముఖం కడిగినట్టుంది. మెచ్చుకుంటుందని కిరీటి నిలబడ్డాడు. కాసులమ్మ ఫొటోని చాలాసేపు చూసింది.

"మొకం మా మావదే," అంది. "పొలుసేది బాబూ?"

కిరీటికి అర్థం కాలేదు.

"సేప పొలుసు. బుగ్గ మీద అంటుకొని ఉండేది. యేట నుంచి దినమూ ఎక్కడో ఓ పొలుసు అంటించుకొనే వొచ్చేవోడు. నానే గోటితో తీసేదాన్ని. ఫొటోలోది ఒక్కటే తియ్యకుండా మిగిలిపోనాది." ఫ్రేమును కిరీటి వైపు తిప్పింది. "దాన్నీ మీరే తీసేసినారా?"

చీకట్లో మెరిసిన ఆ పొలుసునూ నాయిస్ అనుకుని సాఫ్ట్‌వేర్ తుడిచేసింది. కిరీటి కంగారుగా కార్డు వెతికాడు. కంప్యూటరంతా వెతికాడు. పాత ఫొటో ఎక్కడా లేదు.

మాస్టారు లేచి, ఎన్నాళ్లుగానో తీయని సన్న కుంచె బయటికి తీశారు. ఫ్రేములోంచి ఫొటో విప్పి ఆవిడ ముందు పెట్టారు.

"ఎక్కడుండేదో చూపించమ్మా, పెడతాను."

కాసులమ్మ కంటి కింద వేలు పెట్టింది. కాదని దవడ దగ్గరికి జరిపింది. మళ్లీ ముక్కు పక్కకి తెచ్చింది. ఆ నున్నటి ముఖాన్ని చూసేకొద్దీ పాత ముఖం చెదిరిపోతున్నట్టుంది. వేలు ఎక్కడా నిలవలేదు.

"గేపకం రాట్లేదు బాబూ," అంది. మొగుడు పోయిన కబురు విన్ననాడు కూడా కన్నీరు రాలేదని వీధంతా చెప్పుకున్న మనిషి, అప్పుడు బల్లమీద తల ఆన్చి భోరుమంది. చూసినవాడికి అన్నం సయించని ఏడుపు అది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఉన్న ఫొటోనే ఫ్రేము కట్టించుకుని, కొంగు కప్పి తీసుకువెళ్లింది. ఇంటిదగ్గర పెద్దకార్యం ఆగదు కదా.

రంగు అంటని కుంచెను మాస్టారు డబ్బాలో పెట్టేశారు. కిరీటి "మాస్టారూ, డబ్బు పెట్టి మంచిది కొనివుంటే..." అన్నాడు.

"నువ్వు దాన్ని ఉచితంగానే వాడావు కదురా," అన్నారు మాస్టారు. "ధర ఎవరు కట్టారో చూశావుగా."