ఉప్పు పులిహోర – దీనరక్షణ సభ

కోట గోడలకంటే రాజుగారి గొప్పలే ఎత్తుగా ఉండే ఒకానొక రాజ్యాన్ని గజపాలుడు ఏలేవాడు. అధికారుల వల్ల బీదాబిక్కీకి అన్యాయం జరిగితే విచారించడానికని ఆయన దీనరక్షణ సభ పెట్టించాడు. సభ్యులు ఏడుగురు. ఆరుగురు మంత్రిగారి చుట్టాలు, ఏడో ఆయనకి చెవుడు.

ఏడాది తిరిగినా ఒక్క ఫిర్యాదూ రాలేదు. రాజుగారు పొంగిపోయాడు.

“మా రాజ్యంలో కన్నీటి చుక్కే లేదు! జయస్తంభం చెక్కించండి. అహోబలయ్యా, దానిమీదికి పద్యం నువ్వు రాయాలి.”

ఆస్థాన విదూషకుడు అహోబలయ్య పద్యం వెతుక్కుంటూ బయటికొచ్చాడు. సభ మెట్లకింద, మట్టిలో, మేదరి నూకమ్మ కూర్చుని ఉంది.

“ఇక్కడేం చేస్తున్నావు అవ్వా?”

“మూడు నెల్లుగా ఇక్కడే సామీ. బుట్టలు ఊరికే ఇయ్యనన్నాడని నా కొడుకుని కోత్వాలు చెరలో పెట్టాడు. లోపల చెప్పుకుందామంటే, ఫిర్యాదు మీద ముందు కోత్వాలు ముద్ర ఉండాలంట.”

“ఏమని?”

“తన తప్పు నిజమేనని.”

“అడిగావా మరి?”

“అడిగితే నన్నూ కొడుకు పక్కనే కూర్చోబెడతానన్నాడు. మొన్న చెరకాడికెళ్తే కిటికీలోంచి నా గొంతు విని పిల్లాడు ఒకటే ఏడుపు సామీ.”

అహోబలయ్యకి పద్యం మాట మరుపున పడింది. నరసింహస్వామి మీద భారం వేసి తిన్నగా వంటశాలకి నడిచాడు. వంటవాడు సూరన్న చెవిలో ఏదో చెప్పాడు. సూరన్న జంకుతూనే ఒప్పుకున్నాడు.

జయస్తంభం పండగనాడు విందులో రాజుగారు పులిహోర ముద్ద నోట్లో పెట్టి, ఉమ్మేశాడు.

“ఉప్పు కషాయం! ఎవడ్రా వండింది?”

అహోబలయ్య చేతులు కట్టుకుని లేచాడు. “ప్రభూ, ఇది ఫిర్యాదు. తమరు పెట్టిన సభ నియమం ప్రకారం ముందు సూరన్న ముద్ర కావాలి. ఏం సూరన్నా, ఉప్పెక్కువేశావా?”

“లేదండీ. సరిగ్గా సరిపోయింది,” అన్నాడు సూరన్న నేల చూపులు చూస్తూ.

“ముద్ర పడలేదు ప్రభూ. కాబట్టి ఉప్పు ఎక్కువ కాలేదు. తమరు భోంచేయవచ్చు.”

“నీకు మతిపోయిందా? మండింది నా నోరు! వండినవాణ్ణి అడిగితే ఒప్పుకుంటాడటయ్యా?”

“సభ మెట్లకింద కూర్చున్న మేదరి నూకమ్మ కూడా అదే అడుగుతోంది ప్రభూ. ఆవిడ వంటవాడు మన కోత్వాలుగారు.”

పంక్తిలో కోత్వాలు విస్తరి వైపు తలవంచాడు. అహోబలయ్య చెప్పిన సంగతంతా రాజుగారు విన్నాడు. తరవాత నీళ్లు పుక్కిలించి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

“ఏడాదంతా ఈ పులిహోర తింటూ బావుంది, బావుంది అన్నానన్నమాట!”

పొద్దు వాలకముందే నూకమ్మ కొడుకు బయటికొచ్చాడు. ముద్ర నియమం పోయింది. కోత్వాలు కొలువూ పోయింది. అహోబలయ్యకి రాజుగారు తన భుజమ్మీది శాలువా కప్పి, “మరి చెక్కిన స్తంభాన్ని ఏం చేద్దామయ్యా?” అన్నాడు.

“పడుకోబెట్టండి ప్రభూ. సభ ముందు వచ్చినవాళ్లు కూర్చోడానికి అరుగవుతుంది.”

మర్నాటికల్లా ఆ అరుగు మీద జాగా చాల్లేదు.